అంచున్న నాచు, అంచు లేని నాచు

మొన్నటి వానలకి మా డాబా కారుతుంటే మేస్త్రీని పిలిపించాను. అతను పిట్టగోడ మూల ఒకసారి చూసి, సంచిలోంచి ఇనప బ్రష్షు తీసి, "ఈ పాకురంత గీకాలె మేడం. గీకినంక మందు కొడ్త" అన్నాడు.

"అది పాకురు కాదు, నాచు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"రెండు ఒకటే గద మేడం?"

"కాదు. పాకురు మీద కాలు జారుతుంది. నాచు మీద ఆగుతుంది."

అతను నవ్వి గీకడం మొదలుపెట్టాడు. నేను కిందికి వచ్చి వంటింట్లో నిలబడ్డాను. ఆ మాట నాది కాదు. ముప్పై ఏళ్ల కిందట మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన సారుది. ఆ సారు రోజుకి ఒకసారైనా ఎవరినో ఒకరిని ఆ మాటతో సరిదిద్దేవాడు. పిల్లలు వెనకాల ఆయన్ని నాచు సారు అనేవాళ్లు. ఆయన పేరు రాయను. పేరుతో పిలిస్తే పలికే మనిషి కాడు, చెప్పాలంటే.

ఎనభైల మొదట్లో మా నాన్న ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆ ఉద్యోగం బదులు నాకు టైపిస్టు పని ఇచ్చారు. బోనకల్ నుంచి భద్రాచలం, అక్కడి నుంచి చర్ల పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో పెంకుటిళ్ల వరసలాంటి జూనియర్ కాలేజీ. వెనక్కి తిరిగితే అడవి. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. చేరిన మొదటి వారంలో ఆఫీసు గది గుమ్మం దగ్గర ఒకాయన నోటీసు బోర్డు చదువుతూ కనిపించాడు. పొడుగ్గా, కొంచెం వంగి, చొక్కా జేబులో నల్లతాడు కట్టిన చిన్న భూతద్దం. ఆ బోర్డు మీద ఉన్నది ఒక్కటే కాగితం, పరీక్ష ఫీజు గడువు గురించి. అదీ పాతది. ఆయన దాన్ని పావుగంట చదివాడు. మర్నాడూ వచ్చి అదే చదివాడు. మనుషులున్న చోట కాసేపు నిలబడాలని ఉండి, నిలబడ్డానికి కారణం దొరకనివాళ్లు అలా చేస్తారని నాకు తర్వాత అర్థమైంది.

ఆయనది కృష్ణా జిల్లా. భార్య అక్కడే ఒక ఊళ్లో స్కూల్ టీచరు. పిల్లల్లేరు. ఇక్కడ కిరాణా కొట్టు వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కడే వండుకునేవాడు. ఆలస్యంగా పెళ్లయిందట, ఆ కొత్తలోనే ఈ అడవి కాలేజీకి వేశారట, రెండేళ్లలో మారిపోవచ్చు అన్నారట. పదిహేనేళ్లు గడిచిపోయాయి.

వాన మొదలైతే ఊరంతా లోపలికి పరుగెత్తేది. సారు బయటికి వచ్చేవాడు. గొడుగు ఉన్నా తెరిచేవాడు కాదు, అది తెరిస్తే కొమ్మలకి తగులుతుందని. తల దించుకుని గోడల మొదళ్లు, రాళ్ల పక్కలు చూసుకుంటూ పోయేవాడు. ఎదురుగా ఎవరొచ్చినా కనిపించేవాళ్లు కాదు. ఒకసారి ప్రిన్సిపాల్ ఎదురై నమస్కారం పెడితే, సారు ఆయన పాదాల పక్కనున్న గోడకి వంగి, "కాస్త జరుగుతారా" అన్నాడట.

దేని గురించయినా ఆయనకి ఒక మాట ఉండేది, "తడిపి చూడాలి" అని. నాచు ఎండితే నల్లగా, ముడుచుకుని, చచ్చిపోయినట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి కాగితం పొట్లంలో ఉంచినా, ఒక చుక్క నీళ్లు వేస్తే నిమిషంలో ఆకులు విప్పుకుంటుంది. అందుకని ఆ మాట. ప్రిన్సిపాల్ కోపంగా ఉన్నాడని చెబితే, "ఎండిపోయి ఉన్నాడమ్మా, టీ ఇచ్చి చూడండి. తడిపి చూడాలి" అనేవాడు. నవ్వకుండా అనేవాడు.

నాకు బొమ్మలేసే చెయ్యి ఉండేది. ఉద్యోగానికి ముందు మా ఊళ్లో చీరల మీద డిజైన్లు గీసి ఇచ్చేదాన్ని. ఆఫీసులో ఖాళీగా ఉన్నప్పుడు పాత కాగితాల వెనక తీగలు గీస్తుంటే సారు చూశాడు. మర్నాడు మధ్యాహ్నం వచ్చి, "అమ్మా, అయిదు నిమిషాలు ల్యాబుకి వస్తావా" అన్నాడు.

ల్యాబులో ఒకే ఒక మంచి మైక్రోస్కోపు ఉండేది, కిటికీ దగ్గర. కింద గాజుపలక మీద రెండు ఆకులు. ఆకులంటే ఆకులు కావు, గోటి మీద పెడితే దుమ్ము అనుకుని ఊదేస్తాం. ఒక కన్ను పెట్టి చూశాను. ఆకుపచ్చటి రెండు నాలుకలు. లోపల తేనెపట్టులాగా గదులు.

"ఏం కనబడుతోంది?"

"ఆకులు సారూ."

"తొందరేం లేదు. చూడు."

కాసేపు చూశాక, "ఎడమదానికి అంచున్నది సారూ. చీరంచు తీర్గ. కుడిదానికి లేదు" అన్నాను.

తలెత్తి చూస్తే, కిటికీ ఊచ పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నేను నీకు ముందు చెప్పలేదు కదా, అంచు సంగతి?"

"లేదు సారూ."

"పదిహేనేళ్ల నుంచి చూస్తున్నానమ్మా నేను. చూడమని ఒకరిద్దరిని అడిగాను. నేను చెప్పకుండా చూసిన మనిషివి నువ్వే."

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆయన నాచులకి నేను బొమ్మలు గీశాను.

సంగతి ఏమిటంటే, ఆ ప్రాంతంలో ఒకదాన్ని ఒకటి పోలిన రెండు నాచులున్నాయి. రెంటికీ ఆకులు కాడకి అటూ ఇటూ పక్షి ఈకలాగా అమరి ఉంటాయి. ఒకటి ఊరికి మూడు మైళ్ల దూరంలో, వాగు మీదికి వాలిన బండ కింద, నడి ఎండాకాలం తప్ప ఎప్పుడూ నీళ్లు కారే చోట పెరుగుతుంది. దాని ఆకుకి అంచు ఉంటుంది, సన్నటి పొడుగాటి గదులు వరసగా. రెండోది చర్ల రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ ఇటుక గోడ మీద పెరుగుతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండిపోయి ఉంటుంది. దానికి అంచు లేదు. సారు వాటిని అక్క, చెల్లె అనేవాడు. పుస్తకాల్లో రెంటికీ కలిపి ఒకే పేరు ఉంది. అవి రెండు వేరు జాతులని సారు నమ్మకం. చెల్లెకి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదని, అది లోకానికి తెలియదని ఆయన అనుకునేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గేది.

నా బొమ్మలూ, నేను టైపు చేసిన నాలుగు పేజీలూ హైదరాబాదులో ఒక పెద్దాయనకి పంపాడు. నాచుల గురించి తెలిసినవాళ్లలో పెద్దవాడట. రెండు నెలలకి జవాబు వచ్చింది. తేడా నిజమే కానీ అది నీటి వల్ల వచ్చింది కావచ్చు, తడి ఎక్కువైతే అంచు వస్తుంది, లేకపోతే రాదు, రెండూ ఒకటే అని నా అభిప్రాయం, అని.

సారు ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, మూడు రోజులు మామూలుగా పాఠాలు చెప్పాడు. నాలుగో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "మార్చి చూద్దామమ్మా" అన్నాడు. "చెల్లెని తీసుకెళ్లి అక్క ఇంట్లో పెడదాం. అంచు రాకపోతే నేను చెప్పింది నిజం. వస్తే ఆయన చెప్పింది."

ఆ ఆదివారం నేనూ వెళ్లాను. మోరీ గోడలో వదులైన ఇటుకలు నాలుగు, నాచుతో సహా, తడి గోనెలో చుట్టి తీసుకుపోయాం. వాగు దగ్గర ఒకే ఒక గుడిసె, కోయ గుడిసె. అందులో జోగమ్మ అని ఒకామె, భర్త పోయాక పోడు చేసుకుంటూ ఉండేది. సారు బండ కింద ఇటుకలు పేరుస్తుంటే గట్టు మీద కూచుని చూసింది.

"ఇల్లు గడ్తున్నవా సారూ?" అంది.

"అవునమ్మా, చిన్నిల్లు."

"ఎవ్వరికి?"

"ఈ నాచుకి."

జోగమ్మ నా వైపు తిరిగింది. "మంచిగనే ఉంటడా గీ సారు?" అని అడిగింది. సారు వింటూనే ఉన్నాడు. "మంచిగనే ఉంటడు" అన్నాను.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్క పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. సంచి బోర్లించి, పాత పరీక్ష పేపర్లతో మడిచిన పొట్లాలు ఒక్కొక్కటి విప్పి చూశారు. "గంజాయా?" అన్నాడు కానిస్టేబులు. సారు అతనికి నాచు గురించి అరగంట చెప్పాడు. భూతద్దం ఇచ్చి చూపించాడు. ఆఖరికి ఆ కానిస్టేబులే, "సారూ, చీకటైతది, పోరాదుండ్రి" అని బతిమాలాడు. దారంతా సారు హుషారుగా ఉన్నాడు. "బాగా విన్నాడమ్మా అతను" అన్నాడు.

పాత ఆకులు మారవు. కొత్తగా వచ్చే ఆకులే చూడాలి. మొదటి వానాకాలం చివర చూశాం. కొత్త ఆకులు ఏడెనిమిది వచ్చాయి, దేనికీ అంచు లేదు. సారు ఆ సాయంత్రం కిరాణా కొట్లో మిఠాయి కొని ఆఫీసులో అందరికీ పెట్టాడు. ఎందుకని అడిగినవాళ్లకి, "మా చెల్లెకి బాగుంది" అన్నాడు. పాపం ఎవరో నిజమనుకుని, "ఏ దవాఖానల ఉన్నది సారూ?" అని అడిగారు.

హైదరాబాదు పెద్దాయన ఒప్పుకోలేదు. ఒక్క వానాకాలం చాలదు, ఇంకో రెండు చూడండి, అని రాశాడు. సారుకి అది న్యాయంగానే తోచింది. కానీ రెండో ఏడు వాగు పొంగి ఇటుకలన్నీ కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి ఇటుకలు బండ పగుల్లో బిగించి పెట్టాడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో సారుకి బదిలీ ఆర్డరు వచ్చింది. భార్య ఉన్న ఊరికే. నేనే కవరు విప్పి పరుగెత్తుకుంటూ వెళ్లి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "ఈ వానాకాలం, వచ్చే వానాకాలం" అని వేళ్లు ముడిచాడు. వారం తర్వాత భద్రాచలం పోయి, ఆర్డరు రద్దు చెయ్యమని తన చేత్తో అర్జీ రాసి పంపాడు. రద్దయింది. అలాంటి ఊళ్లో ఉంటానన్నవాణ్ణి ఎవరు కాదంటారు?

ఆయన భార్య వచ్చింది. మధ్యాహ్నం బస్సు దిగి, గదికి పోకుండా నేరుగా కాలేజీకి వచ్చింది. తెల్లచీర, చేతిలో చిన్న సంచి, మొహమంతా రోడ్డు దుమ్ము. సారు క్లాసులో ఉన్నాడు. నా బల్ల ముందు కుర్చీలో కూచుంది. నీళ్లిచ్చాను.

"ఆ ఆర్డరు కోసం రెండేళ్లు తిరిగానమ్మా" అంది. కోపం లేదు గొంతులో. "ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో. ఆయనకి చెప్పలేదు, వస్తే సంతోషిస్తారు కదా అని. ఆ నాచు ఏమిటో నువ్వైనా చెప్పు. ఆయన ఉత్తరాల్లో ఉంటుంది కానీ నాకు అర్థం కాదు."

సొరుగులోంచి బొమ్మలు తీసి చూపించాను. నా వేలితో అంచు చూపించాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసింది.

"ఈ గీత ఉంటే ఒకటి, లేకపోతే రెండా?"

"గీత దీనికి రాకుంటే రెండు జాతులండి. వస్తే ఒకటే."

"దానికోసం ఉండిపోయారు."

"అవునండి."

ఆమె బొమ్మ నా ముందు సర్ది పెట్టింది. "బాగా గీశావు" అంది. వాగు చూపిస్తానని సారు అన్నాడట కానీ అది మే నెల. వాగులో చుక్క నీళ్లు లేవు, నాచు నల్లగా ఎండి ఉంది. చూడ్డానికేముంది అందట ఆమె. మర్నాడు పొద్దుటి బస్సుకి వెళ్లిపోయింది. బస్సు కదిలాక కూడా సారు స్టాండులో చాలాసేపు నిలబడ్డాడని కిరాణా కొట్టాయన చెప్పాడు.

అప్పటికే సారు కళ్లు మసకబారుతున్నాయి. శుక్లాలు. ఖమ్మంలో ఆపరేషన్ చేయించుకోవచ్చు. కానీ చేయించుకుంటే నలభై రోజులు తల తడవకూడదన్నారు. వానాకాలం పోతుందని ఆయన వాయిదా వేశాడు. పిల్లల రికార్డులు ముక్కుకి ఆనించుకుని దిద్దేవాడు. మైక్రోస్కోపులో ఆయనకి ఆకుపచ్చటి మసక తప్ప ఇంకేమీ కనిపించడం మానేసింది. ఆయన చూడవలసినదంతా నేను చూసి చెప్పేదాన్ని.

రెండోసారి పెట్టిన ఇటుకలకి మూడో వానాకాలం వచ్చింది. భాద్రపదంలో ఒక సాయంత్రం. వాన పడుతోంది, పిల్లలు వెళ్లిపోయారు. సారు బండ కింది ఇటుక నుంచి తెచ్చిన నాచుని గిన్నెలో కడిగి, కొత్త కొమ్మ ఒకటి తడుముతూ తుంచి ఇచ్చాడు. నేను ఆకు తీసి గాజుపలక మీద పెట్టి, కన్ను పెట్టాను.

అంచు ఉంది.

మొదలు నుంచి కొస దాకా లేదు, కొసకి కొంచెం ముందు ఆగిపోయింది. కానీ ఉంది. పాలిపోయిన సన్నటి గీత, చీరకి నేసినట్టు.

"ఉందా?" అన్నాడు సారు. నా వెనక నిలబడి ఉన్నాడు.

ఎంతసేపు ఆలోచించానో తెలియదు. బస్సు స్టాండు గుర్తొచ్చింది. తెల్లచీర గుర్తొచ్చింది. "లేదు సారూ" అన్నాను.

"సరిగ్గా చూశావా?"

"చూసిన సారూ. లేదు."

సంతోషిస్తాడనుకున్నాను. స్టూలు లాక్కుని నా పక్కన కూచుని, "సరే. గీయమ్మా" అన్నాడు.

నా అలవాటు ఏమిటంటే, ఎడమ కన్ను మైక్రోస్కోపులో పెట్టి, కుడి కన్నుతో కాగితం చూస్తూ గీస్తాను. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. ఆకు అటు పక్క గీశాను. ఇటు పక్క గీశాను. మధ్య ఈనె గీశాను. గదులు మొదలుపెట్టబోయే ముందు నా చెయ్యి ఆకు చుట్టుగీత పక్కనే ఇంకో పొడుగు గీత లాగేసింది. లాగాక చూసుకున్నాను. రబ్బరు కోసం చెయ్యి చాపాను.

"ఇంకో గీత గీశావు" అన్నాడు సారు.

ఆయనకి కాగితం కనిపించదు. పెన్సిలు చప్పుడు వింటున్నాడు.

ఆయన కాగితం తీసుకుని, కిటికీ దగ్గరికి పోయి, భూతద్దం పెట్టి, కంటికి ఆనించుకుని చూశాడు. నా బొమ్మలు అరచేతంత పెద్దవిగా ఉండేవి, కష్టపడితే చూడగలడు. చాలాసేపు చూశాడు.

"ఉంది కదమ్మా" అన్నాడు.

"ఉన్నది సారూ."

"తక్కిన ఆకులు కూడా చూడు. ఈసారి ఉన్నదే చెప్పు."

నాలుగు ఇటుకల మీది నుంచీ ఆకులు తీసి చూశాను. ఒకటి రెంటికి తప్ప అన్నింటికీ ఉంది. నేను చెబుతుంటే ఆయన పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు, ఉంది, ఉంది, లేదు, ఉంది. రాత పూర్తయ్యాక పెన్ను మూత పెట్టాడు.

"ఎందుకు లేదన్నావు?"

నాకు ఏడుపొచ్చింది. "మీరు ఇంటికి గూడ పోకుంట ఉండిపోతిరి. అమ్మగారు గట్ల వచ్చిపోయిన్రు. ఇప్పుడు ఉన్నదని నా నోటితోని నేనెట్ల చెప్పాలె సారూ?"

ఆయన చొక్కా కొసతో భూతద్దం తుడిచాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు.

"నా కోసం అబద్ధం ఆడినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరమ్మా" అన్నాడు. "కానీ నాచు విషయంలో వద్దు."

మర్నాడు హైదరాబాదుకి ఉత్తరం టైపు చేయించాడు. "తమరు చెప్పినదే సరి. తడిలో పెట్టిన మొక్కకు మూడవ ఏడు అంచు వచ్చినది. రెండూ ఒకటే జాతి. నాది పొరపాటు. బొమ్మలు జతచేస్తున్నాను." అంతే. వాగు పొంగిన సంగతి, కళ్ల సంగతి, ఇన్నేళ్ల సంగతి రాద్దాం సారూ అన్నాను. "అవి నాచు గురించి కాదు కదమ్మా" అన్నాడు. నాది పొరపాటు అన్నచోట నా వేళ్లు ఆగితే, ఆయన వెనక నుంచి, "పొరపాటు. ప, ఒకారం" అన్నాడు, నాకు స్పెల్లింగు రానట్టు.

నెల తర్వాత ఒక కార్డు వచ్చింది. "అందినది. బొమ్మలు చక్కగా ఉన్నవి" అని రెండు ముక్కలు. సారు దాన్ని తెచ్చి నా టైపు మిషను మీద పెట్టి, "ఇది నీకొచ్చిన ఉత్తరం" అన్నాడు.

ఆ తర్వాత ఆయన వాగు వైపు పోలేదు. వాన పడితే వరండాలోకి వచ్చి నిలబడేవాడు, అంతే. ఇంకో ఏడాదికి రిటైరయ్యాడు. దండ వేశారు, టీ ఇచ్చారు. మాట్లాడమంటే లేచి, "అందరూ బాగా చూసుకున్నారు, సెలవు" అని కూచున్నాడు. ఆయన ట్రంకు పెట్టె బస్సు మీదికి ఎక్కించి వచ్చాను. నాకు చెయ్యి ఊపాడు కానీ నేను నిలబడ్డ వైపు కాదు, నా పక్కనున్న కరెంటు స్తంభం వైపు.

ఊరెళ్లాక కళ్లకి ఆపరేషన్ అయింది. కార్డు రాశాడు. "ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఇక్కడ చూడడానికి ఏమీ లేదు. నువ్వు కులాసా అని తలుస్తాను." నేను జవాబు రాశాను. ఏడాదికి రెండు కార్డులు, ఒక్కోసారి ఒకటి. నాకు పెళ్లయింది, అక్కడే ఉన్నాను. తర్వాత ఒక జూన్ నెలలో కార్డు కాకుండా కవరు వచ్చింది, టీచర్ల గుండ్రటి చేతిరాతతో. సారు నిద్రలోనే పోయాడని, నెలైందని, కార్డుల మీద నా అడ్రసు చూసి రాస్తున్నానని. చివర్లో ఒక వాక్యం: "మీకు వీలైతే వానలు పడ్డాక ఒకసారి వస్తాను. ఆ నాచు చూడాలని ఉంది."

శ్రావణంలో వచ్చింది. చాలా చిక్కిపోయింది. వాగు దాకా బస్సు లేదు, రోడ్డు దిగి మైలున్నర బురదలో నడిచాం. నా చెయ్యి పట్టుకుని నడుస్తూ మాట్లాడింది.

"వచ్చాక ఏడేళ్లు ఉన్నారు నాతో. ఇద్దరం ఒకరితో ఒకరం చాలా మర్యాదగా ఉన్నాం. కూర బాగుందనేవారు. నేను పత్రిక చదివి వినిపించేదాన్ని. కళ్లు బాగయ్యాక కూడా చదవమనేవారు. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇల్లు అంత పెద్దదిగా ఉండేది కాదు, ఆయన వచ్చాక పెద్దదైపోయింది." కొంత దూరం నడిచాక అడిగింది, "నాచు సంగతి ఏమయింది, తేలిందా?"

"మీకు చెప్పలేదా?"

"నేనడగలేదు. ఆయన చెప్పలేదు."

చెప్పాను. అంచు వచ్చిందని, ఒకటే జాతి అని, సారే ఉత్తరం రాయించాడని. నా అబద్ధం సంగతీ చెప్పాను. ఆమె నడక ఆపి నా మొహంలోకి చూసింది. నా చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

వాగు నిండుగా ఉంది. బండ కింద నీళ్లు కారుతున్నాయి. ఇటుకలు పగుల్లో అలాగే ఉన్నాయి, ఇటుక రంగు కనబడకుండా పచ్చగా కప్పేసి ఉంది నాచు. ఏది ఇటుక మీదిదో ఏది బండ మీదిదో తెలియడం లేదు. చూపించాను. ఆమె మోకాళ్ల మీద కూచుని, కళ్లజోడు సర్దుకుని, వంగింది.

"ఇదేనా?"

"ఇదేనండి."

"ఇంత చిన్నదా!" అంది.

చూపుడువేలు కొసతో ముట్టుకుంది. వానా, బండ నుంచి కారే నీళ్లూ కలిసి ఆమె తల మీద పడుతున్నాయి. చాలాసేపటికి తనే లేచి, కాళ్లకీ చీర కుచ్చిళ్లకీ అంటిన బురద చూసుకుని, ఆ బండ కిందే నీళ్లలో కడుక్కుందామని ఒక అడుగు దించింది.

"ఓ అమ్మా! ఆడ గడుగొద్దు!"

గట్టు మీది నుంచి జోగమ్మ. నెత్తిన గోనెసంచి కప్పుకుని, కర్ర పట్టుకుని దిగి వస్తోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. "టైపమ్మవా! నువ్వన్న చెప్పరాదు ఆమెకు. ఆడ ఎవ్వల్ని కడుగనియ్యొద్దని సారు చెప్పిండు. బట్టలుతుక వస్తరు, పోరగాండ్లు వస్తరు, అందర్నీ ఎల్లగొడ్త. గొడ్లను గూడ రానియ్య." సారు భార్య వైపు తిరిగింది. "ఏమనుకోకమ్మా. సారు ఇల్లది. అడిగితె నేనేం చెప్పాలె?"

ఇటుకల్లో చూడవలసింది అయిపోయి ఎనిమిదేళ్లు. ఆ సంగతి జోగమ్మకి ఎవరూ చెప్పలేదు. సారు చెప్పలేదు. నాకు తోచలేదు.

"చెప్పమంటారా?" అని సారు భార్యని మెల్లగా అడిగాను.

ఆమె జోగమ్మ వైపు చూస్తోంది. "వద్దులే" అంది. తర్వాత గొంతు పెంచి, "ఎక్కడ కడుక్కోమంటావమ్మా?" అని అడిగింది.

జోగమ్మ కర్రతో కిందివైపు చూపించింది. సారు భార్య నీళ్లలోంచి కాలు వెనక్కి తీసుకుని, చెప్పులు చేత పట్టుకుని, రాళ్లు పట్టుకుంటూ ఆ వైపు దిగిపోయింది.